పొగమంచుల పోయిన మా వదినె పడవ

"నానమ్మా, వచ్చే నెల మా ఆఫీసోళ్లం అందరం మాజులి పోతున్నం, అస్సాంల. నువ్వు పోయొచ్చినవ్ గదా, ఎట్లుంటదో జెర చెప్పవా? ఫోన్‌ల రికార్డ్ చేసుకుంట, మావోళ్లకు వినిపిస్త."

ఏందీ, మాజులియా? నువ్వు పోతున్నవా? మీ నాయ్నకు చెప్పినవా? చెప్పే ఉంటవ్ లే. ఈ ఇంట్ల ఏ ముచ్చటైన ఆఖరికి నాకు తెలుస్తది. సరే కూసో. ఆ ఫ్యాన్ జెర తగ్గియ్, లేకుంటె నా మాట కంటె దాని మోతే ఎక్కువ వస్తది. ఆఁ, షురూ అయిందా?

ఎట్లుంటదంటె, మంచిగుంటది బిడ్డా. అబద్ధం ఎందుకు చెప్పాలె. బ్రహ్మపుత్ర అని పెద్ద నది, దాని నడుమల దీవి. ఊర్లకు ఊర్లే ఉన్నయ్ దాంట్ల. ఎటు జూసిన పచ్చగ, నీళ్ల మడుగులు, వాటిల తెల్ల కొంగలు. ఇండ్లు కట్టెల మీద లేపి కట్టుకుంటరు, కింద మగ్గం పెట్టుకుంటరు. ఆడోళ్లు పొద్దంత దాని ముందట కూసోని నేస్తనే ఉంటరు. చప్పుడే ఉండదు. ఇగ నాకు మొదటి రోజే బుగులు పట్టుకున్నది, ఎందుకంటె ఆ చప్పుడు లేకనే. నవ్వకు. నేను మౌలాలి రైల్వే కాలనీల పుట్టి పెరిగినదాన్ని. రైలు పోతుంటె అన్నం తిన్నం, రైలు పోతుంటె పండుకున్నం. ఏ చప్పుడు లేని జాగల నాకు పానం కొట్టుకుంటది. ఏదో అయితది, ఏదో అయితది అన్నట్టుంటది.

నేనైతె పోయేదాన్నే కాదు. మీ తాత పోయి ఏడాది దాటింది అప్పటికి. కౌసల్యవదినె ఒచ్చింది, అదే మీ తాత అక్క, బేగంపేటల ఉంటది గదా, కౌసల్యమ్మమ్మ. సికింద్రాబాద్‌ల ఆడపిల్లల బడిల కుట్లు, అల్లికలు, బుట్టలు, మట్టి బొమ్మలు నేర్పిన టీచరమ్మ ఆమె. రిటైరై ఎన్నేండ్లయినా ఆ టీచరు పెత్తనం పోలే. ఒచ్చి కూసోని, "పెద్దమనుషులందర్ని ఒకాయన టూరు తోల్కపోతున్నడు. అక్కడ కుమ్మరి సారె తిప్పకుండ ఉత్త చేతులతోని కుండలు చేస్తరంట. నేను జూడాలె. నువ్వు సుత వస్తున్నవ్," అన్నది. అడిగిందా? అడగలే. చెప్పింది. నా పెండ్లయిన కాడికెల్లి గంతే. మా ఇంట్ల కూరల ఉప్పెంతో ఆమె చెప్పేది. మీ నాయ్న పేరు సుత ఆమె పెట్టిందే. నాకు శ్రీకాంత్ అని పెట్టాలని ఉండె, శ్రీనివాస్ అన్నది, అయిపాయె. సరే, ఏం చెప్తున్న... ఆఁ, టూరు.

నీళ్లంటె మనకేం ఎర్క బిడ్డా? ట్యాంకరొచ్చిన నాడు డ్రమ్ములు నింపుకొనుడే ఎర్క. ఆడ పెద్ద పడవెక్కిచ్చిండ్రు. దాని మీదనే కార్లు, మోటర్ సైకిళ్లు, మేకలు, మనుషులు. అవుతలి ఒడ్డు కనపడదు. నేను ఒక ఇనుప కమ్మి పట్టుకోని కండ్లు మూసుకున్న. వదినె నా పక్కనే నిలబడి అందరికి ముచ్చట్లు చెప్తున్నది. ఆమె గొంతు తెల్సు గదా నీకు. ఇంజను మోత మీదికెల్లి సుత వినొస్తది.

దీవిల మొదటిరోజు మాస్కులు చేసే కాడికి తోల్కపోయిండ్రు. వెదురు బద్దలతోని అల్లి, దాని మీద గుడ్డ, మట్టి, పేడ రాసి మొకాలు చేస్తరు. నాటకాలల్ల కట్టుకుంటరంట, రావణాసురుడు, పూతన, పెద్ద పెద్ద పాములు. ఒక పొడుగు రేకుల షెడ్డు, లోపల జెర చీకటి, గోడల పొంటి అన్ని రాక్షసుల మొకాలే. అన్ని మననే జూస్తున్నట్టు. ఒకాయన ఒకటి తగిలిచ్చుకోని దగ్గరికొచ్చి నోరు తెరిచిండు. దాని దవడ సుత కదుల్తది, మనిషి మాట్లాడినట్టే. నేను కెవ్వుమన్న. వదినె నవ్వింది చూడు, కూలబడి నవ్వింది. అంత మంది ముంగట. నాకు గంత కోపమొచ్చింది, గని ఆ బుగుల్ల కోపం ఎటుపోయిందో.

మల్ల రోజు కుండలోళ్ల ఊరికి పోయినం. అది నది ఒడ్డుకే ఉంటది. మాలతి అని ఒకామె, నా కంటె పదేండ్లు చిన్నగుంటదేమో. మట్టి ముద్ద ముందట పెట్టుకోని, లోపల ఒక చెయ్యి, బయట చెక్కతోని కొట్టుకుంట కొట్టుకుంట, మన కండ్ల ముందటనే కుండ చేసింది. సారె లేదు, ఏం లేదు. వదినె ఇగ కింద కూసున్నది, మోకాళ్ల నొప్పులు సుత మర్చిపోయి. ఆమెకు అస్సాం మాట రాదు, మాలతికి తెలుగు రాదు, ఇద్దరు వచ్చీరాని హిందీల పొద్దుమూకేదాంక ముచ్చట. నేను ఒడ్డు దిక్కు పోయి నిలబడ్డ. మాలతి ఉరికొచ్చి నా రెక్క పట్టి ఎనకకు గుంజింది. ఎందుకంటె, నేను నిలబడ్డ ఆ మట్టి కింద ఏం లేదంట. నది లోపల్నుంచి తినేసింది. నేను చూస్తనే ఉన్న, జెర దూరంల ఒక పెద్ద పెళ్ల, మన హాలంత ఉంటది, ధబ్బుమని నీళ్లల్ల పడ్డది. గడ్డి, చిన్న చెట్టు, అన్ని దాంతోనే పోయినయ్. మాలతి నది నడుమకు వేలు పెట్టి చూపిచ్చింది. "మా అమ్మోళ్ల ఇల్లు అక్కడుండె," అన్నది. నేను చూసిన. ఉత్త నీళ్లు. మనం నిలబడ్డ నేలనే నీళ్లు తింటున్నయంటె, ఇగ దేన్ని నమ్ముకోవాలె?

తెల్లారి మా టూరోళ్లందరు పెద్ద పడవల అవుతలి ఒడ్డుకు పోవాలె. వదినె, "నేను రాను. మాలతి ఆవం తెరుస్తది పొద్దుగాల, అది జూసే వస్త," అన్నది. ఆవమంటె కుండలు కాల్చే బట్టీ. టూరాయన పరేషాన్ అయిండు. మాలతి చెప్పింది, ఆ ఊరికెల్లి చిన్న పడవ ఒకటి కుండలు తీస్కోని అవుతలికి పోతదంట, నేను సుత దాంట్లనే పోతున్న, మీ పెద్దమనుషుల్ని నేను దించుత అని. టూరాయన ఇగ ఏం జేస్తడు? "ఒడ్డు మీద మీ కోసం ఉంట అమ్మా," అన్నడు. నేను వదినెను ఒదిలి ఎట్ల పోత? ఉన్న.

ఆవం తెరిచిండ్రు. ఎర్రగ, వెచ్చగ, మంచిగున్నయ్ కుండలు. పడవల గడ్డి పరిచి పేర్చిండ్రు. నేను ఆకాశం దిక్కు జూసిన. మంచు. తెల్లగ. నీళ్లేవో ఆకాశమేదో తెలుస్తలేదు. జెర సేపైనంక పల్చబడ్డది, సూర్యుడు పల్లెం లెక్క కనవడ్డడు. పడవాయన, "చలో," అన్నడు. పాత జాకెట్లు ఇచ్చిండు, గా నారింజ రంగువి, నీళ్లల్ల తేలేటివి. నేను ఏసుకోని తాళ్లు మూడుసార్లు... ఎన్నిసార్లో ముడేసిన. వదినెకు పట్టలే. "ఇది నాకెందుకు, ఇంత ఒళ్లుంది, నేను ఊరికెనే తేలుత," అని అవుతల పెట్టింది.

పడవల ఎవరెవరంటె, నేను, వదినె, మాలతి, ఒక బడి మాస్టరు, ఆయన మోటర్ సైకిలు. ఇగ పడవాయన, ఆయన తమ్ముడు. ఇంతే. మాస్టరుకు హిందీ మంచిగొచ్చు. నది నడుమకు పోయేసరికి మంచు మల్ల దిగింది. దిగిందంటె, ఎట్ల చెప్పాలె నీకు, ఎవరో తెల్ల దుప్పటి మా మీద కప్పినట్టు. పడవ ఆ కొసకున్న పడవాయన నాకు కనవడ్తలేడు. నా చెయ్యి నాకు కనవడ్తున్నది, అంతే. ఇంజను చప్పుడు చేసుకుంట పోతనే ఉన్నది. ఎటు పోతున్నమో ఆయనకన్న తెల్సా అనిపిచ్చింది. అప్పుడే కిందికెల్లి గరగరమని చప్పుడొచ్చి, పడవ ఒక్క కుదుపుతోని ఆగింది. నేను వదినె ఒళ్లె పడ్డ. ఇంజను ఆగిపాయె.

ఇసుక దిబ్బ ఎక్కింది పడవ. చలికాలం నీళ్లు తక్కువుంటయ్ గదా, నది నడుమల దిబ్బలు తేల్తయంట. మాస్టరు చెప్పిండు, భయపడకున్రి, బరువు తగ్గితె పడవ లేస్తది, జెర దిగున్రి అని. దిగినం. మోటర్ సైకిలు దించిండ్రు. కుండలు సుత సగం దించిండ్రు. వదినె మోకాళ్లు తెల్సు గదా, ఆమె ఆ అంచు దాటి దిగలేకపాయె. "నేనొక్కదాన్ని ఉంటె ఏమైతది, నూకున్రి," అన్నది. పడవాయన లోపలనే ఉండి కట్టెతోని నూకుతున్నడు, ఆయన తమ్ముడు కింద మోకాళ్ల దాంక నీళ్లల్ల నిలబడి తాడు పట్టుకున్నడు. మాస్టరు, మాలతి, నేను సుత చేతులేసి నూకినం. 

పడవ లేచింది బిడ్డా. లేచుడు లేచుడే ఉరికింది. ఆ దిబ్బ పక్కకే లోతంట, ధార మస్తు జోరుంటదంట. తాడు తడిసి ఉన్నది, ఆ పిలగాని చేతులకెల్లి... పిలగాడు కాదులే, పెండ్లాం పిల్లలున్నోడే, వాని చేతులకెల్లి సర్రున జారిపాయె. అరచేతుల తోలు సుత పోయింది పాపం. నేను జూస్తనే ఉన్న. వదినె ఆకుపచ్చ శాలువ కప్పుకోని నా దిక్కు తిరిగి కూసున్నది. ఆమె మొకం మంచుల పోయింది, తర్వాత శాలువ పోయింది, ఇగ ఏం లేదు. తెల్లగ. గంతే.

నేను నీళ్లల్లకు ఉరికిన. ఏం జేద్దామని ఉరికిన్నో నాకే తెల్వదు. మాస్టరు నా జాకెటు పట్టి గుంజిండు. అప్పుడు వదినె గొంతు వినవడ్డది. పిలుస్తున్నది. ఇంజను సప్పుడు లేదు, అంటె ఇంజను షురూ అయితలేదన్న మాట, పడవ ఉత్తగనే కొట్టుకపోతున్నది. మల్ల పిలిచింది. జెర దూరం. మల్ల పిలిచింది, ఇంక దూరం. నేను సుత ఒర్రిన, "వదినే, వదినే" అని గొంతు పగిలేటట్టు ఒర్రిన. ఆఖరికి ఆమె పిలుస్తున్నదా, నా చెవులే మోగుతున్నయా తెల్వనట్టయింది. తర్వాత అది సుత లేదు.

నీకు చెప్తున్న గని బిడ్డా, మీ తాత పోయిన నాడు సుత నాకు గంత బుగులు కాలే. ఆయన మంచంల ఉన్నడు, పోతడని తెల్సు, చెయ్యి పట్టుకోని ఉన్న. ఇది గట్ల కాదు. కండ్ల ముందటి మనిషి, ఇప్పుడుండె, ఇప్పుడు లేదు.

ఇగ మా కింద దిబ్బ. ఎంత పెద్దదో తెల్వదు, మంచుల కనపడదు గదా. నేను నాలుగడుగులు ఏస్తె పడవాయన తమ్ముడు అరిచిండు, నడవకు, ఇసుక మెత్తగుంటది, దిగవడ్తవ్ అని. అంచుల కాడ ధబ్, ధబ్ అని సప్పుడు. నాకు అర్థమైంది, నిన్న ఒడ్డు మీద చూసిందే, ఈడ సుత నీళ్లు తింటున్నయ్ అని. అందరం నడుమకొచ్చి మోటర్ సైకిలు చుట్టు నిలబడ్డం. ఫోన్‌ల సిగ్నల్ లేదు. నా చీర మోకాళ్ల దాంక తడిసి చలికి కాళ్లు కొయ్యలైనయ్. మాస్టరు ఏదో దేవుని పాట మెల్లగ పాడుకుంటున్నడు. నేను ఏ దేవునికి మొక్కాల్నో తెల్వక, యాదగిరి నర్సన్నకు, మౌలాలి గుట్ట మీది దర్గకు, సికింద్రాబాద్ లష్కర్ అమ్మవారికి, అందరికి మొక్కిన. ఆ అస్సాం దేవుని పేరు తెల్వదు, ఆయనకు సుత మొక్కిన.

మాలతి ఏం చేసిందంటె, ఒక కుండ తీసి బోర్లిచ్చి, చిన్న కట్టెతోని కొట్టుడు షురూ చేసింది. ఖణ్, ఖణ్, ఖణ్. గంట లెక్క మోగింది. నాకు అర్థం కాలే, ఈమెకు పిచ్చి లేసిందేమో అనుకున్న. మాస్టరు చెప్పిండు, మంచుల ఏ పడవన్న దగ్గరికెల్లి పోతె మనం కనపడం గని సప్పుడు వినవడ్తది అని. నాకు సుత ఒక కుండ ఇచ్చింది. నేను కొట్టిన. ఎంత గట్టిగ కొట్టిన్నంటె అది పగిలింది. ఆమె ఏమనలే, ఇంకోటి చేతిల పెట్టింది. ఎన్ని నెలల కష్టమో ఆమెది. పగిలింది పక్కకు పెట్టి, మల్ల, మల్ల. కొడ్తున్నంత సేపు జెర నయముండె. ఆపితె ఆ ధబ్ ధబ్ వినవడేది, అందుకే నేను ఆపలే. చేతులు వాచినయ్. 

ఎంత సేపో తెల్వదు. మంచుల నుంచి ఒక గొంతు పలికింది. ఇద్దరు చాపలు పట్టేటోళ్లు, సన్నని నాటు పడవ. ఆ సప్పుడు పట్టుకోని మెల్లగ మెల్లగ ఒచ్చిండ్రు. మొగోళ్లు దిబ్బ మీదనే ఉండి మమ్ముల ముందు ఎక్కిచ్చిండ్రు. తర్వాత పోయి వాళ్లను సుత తీసుకొచ్చిండ్రు. మోటర్ సైకిలు మటుకు ఆ నాడు అక్కడనే ఉండె.

ఒడ్డుకు దిగినం. టూరాయన ఉరికొచ్చిండు. "ఇంకో అమ్మేది?" అన్నడు. మాలతే చెప్పింది. ఇగ అక్కడ పోలీసులు, పడవలోళ్లు, ఫోన్లు, ఆగమాగం. మంచు తేరుకుంటున్నది, ఎండొస్తున్నది, నది తళతళ మెరుస్తున్నది. ఎంత అందంగున్నదో. నేను దాని దిక్కు ఈపు పెట్టి కూసున్న. మీ నాయ్నకు ఫోన్ చెయ్యాల్నా, వదినె కొడుక్కు చెయ్యాల్నా? ఏం చెప్పాలె? మీ అమ్మను నీళ్ల మీద ఇడిచిపెట్టొచ్చిన అని చెప్పాల్నా? ఫోన్ చేతిల పట్టుకోని ఉన్న, నొక్కలేకపోయిన. చాయ్ తెచ్చిచ్చిండ్రు. అది చేతిలనే సల్లారింది.

పగటీలి అన్నాల యాళ్లకు మాస్టరు ఉరికొచ్చిండు. ఆయన సుత ఇంటికి పోకుండ అక్కడనే ఉండె. "మిల్ గయీ, మిల్ గయీ," అంటున్నడు. పడవ చానా కిందికి కొట్టుకపోయి ఒక ఊరి ఒడ్డుకు తాకిందంట. నన్ను జీపుల తోల్కపోయిండ్రు, మాస్టరు సుత ఎంబడొచ్చిండు. దారి పొడుగునా నేను నమ్మలే. బతికున్నదనే చెప్తరు ఎవరన్న, మనం ఆడికి పోయేదాంక. గట్లనే గదా చెప్తరు.

కట్టెల మీద లేపిన ఇల్లు. మెట్లు లేవు, ఒక మొద్దుకు గంట్లు చెక్కి పెట్టిండ్రు, గంతే. ఎట్లెక్కిన్నో నాకు యాదికి లేదు. లోపల నడుమల పొయ్యి మండుతున్నది. వదినె పొయ్యి పక్కన ఆ ఇంటోళ్ల చీర కట్టుకోని, తెల్లదానికి ఎర్ర అంచున్న కండువ నెత్తికి సుట్టుకోని కూసున్నది. నన్ను జూసింది. నోరు తెరిచింది. గొంతు రాలే. సప్పుడే లేదు, ఉత్త గాలి. నేను దగ్గరికి పోయి కూలబడ్డ. ఆమె నా రెండు చెంపలు పట్టుకున్నది, గాజులు సల్లగున్నయ్. నేను ఏడ్సిన. ఆమె ఏడ్వలే, వణుకుతున్నది.

పడవాయన మూలకు కూసోని ఉన్నడు. ఆయన మాస్టరుతోని ఏదో అడిగిండు. మాస్టరు నన్నడిగిండు, "ఈ అమ్మ పడవల ఉన్నంత సేపు ఒకటే మాట అరిచిందంట, గొంతు పోయేదాంక. 'యాదమ్మా, యాదమ్మా' అని. మీ భాషల కాపాడున్రి అంటె గట్లంటరా?" అని.

అది నా పేరని చెప్పిన.

నీకు తెల్వదు బిడ్డా. పెండ్లయి ఈ ఇంటికొచ్చిన నాడు నేను "ఓ పిల్లా"ను. మీ నాయ్న పుట్టినంక "శీనుగాని తల్లి"ని. అందరి ముంగట "మా తమ్ముని పెండ్లాం". ఇన్నేండ్లల్ల ఆమె నోట్లకెల్లి నా పేరు నేను వినలే. ఆ దిబ్బ మీద సుత ఆమె పిలుస్తున్నదని ఎర్కే గని, ఏమని పిలుస్తున్నదో నాకు తెలుస్తలేకుండె. దేవుళ్లను పిలిచే టైముల ఆమె నన్ను పిలిచింది.

ఆ గొంతు పదిహేను రోజులు... నెలేమో, రాలే. డాక్టరు కాడికి సుత పోయినం. ఒచ్చింది గని ఇప్పటికి జెర బొంగురే. ఇప్పుడు ఆమెనడుగు పో, ఏమంటదో. "బుగులా, నాకెందుకు బుగులు? మంచిగ పడవల షికారు చేసిన," అంటది. అననియ్. రోజు పొద్దున ఏడు కొట్టంగనే ఆమెకు ఫోన్ చేస్త నేను. ఏం ముచ్చట ఉండదు. ఏం కూర అంటది, చెప్త, అట్ల చేయకు, ఇట్ల చెయ్యి అంటది. నేను "సరే వదినె" అంట. జనవరిల మంచు పడి మన సందు కొస కనపడని నాడైతె ఏడు సుత కానియ్య. మంచం దిగుడు దిగుడే చేస్త. రింగైతుంటె, ఆమె ఎత్తేదాంక, నా కాళ్ల కింద ఇసుకే.

పోవద్దంటలేను. పోవాలె. నీకున్న కాళ్ల బలం ఎప్పటికి ఉంటదా? ఆ మగ్గాలు జూడు, ఆ మొకాలు జూడు. కుండలోళ్ల ఊరికి పోతె మాలతిని అడుగు, హైదరాబాద్ ముసలమ్మ కుండలు పగలగొట్టింది యాదికున్నదా అను. నవ్వుతది. గని బిడ్డా, మంచున్న పొద్దు మటుకు పడవెక్కకు. ఆఫీసోళ్లు నవ్వితె నవ్వనియ్. జాకెటు ఏసుకో, అది పట్టకపోతె ఇంకోటి అడుగు. ఒడ్డు అంచుకు పోయి ఫొటోలు దిగకు. నేల మంచిగనే కనవడ్తది పైకెల్లి.

నా ఆయుష్షు సుత నీకే పడాలె. ఏ నీళ్ల మీదికి పోయినా ఆ నీళ్లు నిన్ను సల్లగ ఒడ్డు మీద దించాలె. దిగినంక నాకొక్క ముక్క చెప్పు బిడ్డా, "దిగిన" అని. గంతే చాలు. అందాక నేను ఈడనే, ఈ కుర్చీలనే... ఆఁ, పో, పోయి అన్నం తిను. సల్లగుండు...